డైనా-సోర్ రద్దుకి కారణం వేడి కాదు

"అమెరికా వైమానిక దళం వాళ్ల డైనా-సోర్ అంతరిక్షం నుంచి తిరిగి వచ్చేటప్పుడు కాలిపోతుందన్న భయంతోనే ఆపేశారా?" అని అడిగారు. కాదు. వేడి సమస్యను బోయింగ్ ఇంజినీర్లు కాగితం మీద బాగానే తేల్చారు. తేలనిది దాని పని ఏమిటన్నదే.

అది రాకెట్ మీద అంతరిక్షానికి పంపి, రెక్కలతో జారుతూ దించాలనుకున్న, ఒక్క పైలట్ నడిపే గ్లైడర్. పొడవు 10.77 మీటర్లు, రెక్కల వెడల్పు 6.34 మీటర్లు. స్పేస్ షటిల్‌కి అంటించినట్టు దీనికి వేడిని ఆపే పెంకులు లేవు. లోహపు చట్రమే వేడెక్కుతుంది, ఆ వేడిని తిరిగి బయటికి వెదజల్లుతుంది. చట్రం రెనే 41 అనే నికెల్ మిశ్రలోహం. వేడికి లోహం సాగుతుంది, బిగించి కడితే వంకర్లు పోతుంది. అందుకే చాలా అతుకులు పిన్నులతో, కదిలేలా పెట్టారు. అడుగున కొలంబియం (నియోబియం) పలకలు, రెక్కల ముందంచుకి మాలిబ్డినం, ముక్కుకి గ్రాఫైట్, జిర్కోనియా అనే పింగాణీ. మాలిబ్డినంతో చిక్కు ఏమిటంటే అది కరగదు గానీ, ఎర్రగా కాలినప్పుడు గాలి తగిలితే ఆక్సైడై ఆవిరైపోతుంది. కాబట్టి ప్రాణమంతా పైపూతలోనే. పూత ఒక్కచోట పెచ్చూడినా అక్కడి నుంచి అంచు తినుకుపోతుంది. ప్రతి ప్రయాణం తర్వాత అంగుళం అంగుళం చూడాల్సింది ఇదే.

దిగడానికి చక్రాలు లేవు, ఆ వేడికి రబ్బరు టైర్లు నిలవవు. వాటి బదులు స్కిడ్‌లు, అంటే జారుడు కాళ్లు: వెనక రెండిటికి తీగల బ్రష్‌లు, ముందు నున్నటి పళ్లెం లాంటి స్కిడ్. వెనక రాపిడి ఎక్కువ, ముందు తక్కువ ఉంటేనే విమానం తిన్నగా జారుతుంది. తారుమారైతే గిర్రున తిరుగుతుంది.

ఎక్కేటప్పుడు ఇంకో తలనొప్పి. రాకెట్ కొసన రెక్కలుంటే పక్కగాలికి మొత్తం పక్కకి ఒరుగుతుంది. అందుకే దాన్ని మోసే టైటాన్ రాకెట్ అడుగున పెద్ద ఫిన్‌లు (తోక రెక్కలు) గీశారు. ప్రయోగవేదిక మీదే ప్రమాదం వస్తే గ్లైడర్ తప్పించుకుని దిగే తీరును నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఎఫ్5డి విమానంతో ఎగిరి పరీక్షించాడు.

ఇక రద్దు. అది రెండు దెబ్బల్లో జరిగింది. ముందు టైటాన్-1 మీద సబ్‌ఆర్బిటల్, అంటే కక్ష్యకి చేరని ప్రయాణాలు అనుకున్నారు, తర్వాత టైటాన్-2కి మారారు. 1961 డిసెంబరులో ఆ దశనే తీసేసి, నేరుగా టైటాన్-3సితో కక్ష్యలోకి అన్నారు. నా లెక్కలో అసలు తప్పు ఇదే: త్వరగా ఎగిరి చూపించగల మెట్టు పోయింది, నాసా ఇద్దరు మనుషుల నౌక జెమినితో పోలిక మిగిలింది. దాని పని ఏమిటో తేలకపోవడంతో 1963 డిసెంబరు 10న రక్షణ మంత్రి మెక్‌నమారా ఆపేశాడు. దాని బదులు ప్రకటించిన కక్ష్యా ప్రయోగశాల ఎంఓఎల్ కూడా 1969లో మనుషులెవరూ ఎక్కకుండానే రద్దయింది.

ఆకారం, లోహాల సంగతి మాత్రం వృథా పోలేదు. అసెట్ అనే చిన్న మానవరహిత గ్లైడర్లను థోర్ రాకెట్ల మీద 1963 నుంచి 1965 దాకా ఆరుసార్లు ఎగరేశారు. ఈ వేడి లోహాల గురించి చదవాలనుకుంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి.