ఊటీ సంగతి తర్వాత, ముందు మీ తోడికోడలికి ఫోన్ చేయండి

"ఇందుకూరుపేట దగ్గర పల్లె మాది. మా ఆయనకు రొయ్యల గుంటలు ఉన్నాయి. పాప ఏడో తరగతి, బాబు నాలుగు. అత్తమామలు మాతోనే ఉంటారు. మామయ్యకు షుగర్, రెండు పూటలా ఇన్సులిన్ నేనే వేయాలి. మా మరిది, తోడికోడలు బెంగుళూరులో ఉద్యోగాలు. ఎప్పుడూ ఏదో ఒక టూర్‌లో ఉంటారు. ఆమె ఫొటోలన్నీ ఫ్యామిలీ గ్రూపులో పెడుతుంది. మా అత్త వాటిని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించి ‘మా చిన్నోడు పెళ్ళాంబిడ్డల్ని ఎంత బాగా తిప్పతాడో’ అంటుంది. ఆ మాట వింటే నాకు అన్నం సయించదు. మా బిడ్డలకు మైపాడు బీచ్ తప్ప ఏం తెలుసు? మొన్న రొయ్యల పట్టుబడి అయ్యాక ఆయన అక్కడికే తీసుకెళ్ళారు. ఆయన చెప్పు ఒకటి అలల్లో కొట్టుకుపోతే ఒంటి చెప్పుతోనే బండి నడిపారు. పిల్లలు ఇప్పటికీ అది చెప్పుకుని పడీపడీ నవ్వుతారు. ఆ రోజు ఫొటో ఒక్కటి కూడా గ్రూపులో పెట్టలేదు, సిగ్గేసింది. పాప స్కూల్లో ఖోఖో టీంలో చేరి రోజూ మట్టి కొట్టుకుని ఇంటికొస్తుంది. దానికి అదే లోకం. పిల్లలకు మంచి జ్ఞాపకాలు ఇవ్వడం తల్లిదండ్రుల బాధ్యత కదా? ఈ వేసవిలో నా గాజులు కుదువ పెట్టయినా వెళ్దామంటే ఆయన గుంటలు వదిలి రానంటున్నారు. ఆయన్ని ఎలా ఒప్పించాలి? పిల్లలకు ఊటీ మంచిదా, కొడైకెనాల్ మంచిదా?"
— ఒక సోదరి, నెల్లూరు జిల్లా

అమ్మా, ఊటీయా కొడైకెనాలా అన్నదానికి ముందే జవాబు చెప్పేస్తాను. ఈ వేసవికి రెండూ వద్దు. గాజులు కుదువ పెట్టి ఏ ఊరికీ వెళ్ళొద్దు. నాలుగు రోజులు తిరిగొచ్చి నెలల తరబడి వడ్డీ కడుతుంటే, ఆ ప్రయాణం గురించి మీ ఇంట్లో ఇక వినబడేది వడ్డీ మాటే. పిల్లలు కూడా అదే గుర్తుపెట్టుకుంటారు. ఆ ప్రశ్న అంతటితో వదిలేద్దాం.

మీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఊటీలో ఏం చూడాలని ఉందో ఒక్క మాట లేదు. కొండ మీద నడిచే రైలు ఎక్కాలనో, మే నెలలో చలికి దుప్పటి కప్పుకోవాలనో, పిల్లలకు టీ తోటలు చూపించాలనో ఎక్కడా రాయలేదు. తోడికోడలు ఏం పెట్టింది, అత్త ఎవరికి చూపించింది, మీకు ఎంత మండింది, ఇదంతా మాత్రం వివరంగా రాశారు. మీకు కావలసింది ఊటీ కాదమ్మా. ఆ గ్రూపులో పెట్టడానికి ఒక ఫొటో కావాలి. దాన్ని మీ అత్త నలుగురికీ చూపించి, ఒక్కసారైనా ‘మా పెద్దోడు’ అనాలి.

తప్పని అనను. ఇంట్లో ఉండి చాకిరీ చేసే కోడలికి లేని పేరు, పండక్కి వచ్చి పోయే కోడలికి వస్తే ఎవరికైనా కడుపు రగులుతుంది. కానీ ఆ మంటకు పిల్లల పేరు పెట్టకండి. ‘పిల్లల జ్ఞాపకాల కోసం’ అని మీరంటున్నారు. మీ పిల్లలకు జ్ఞాపకం ఉంది. నాన్న ఒంటి చెప్పుతో బండి నడిపిన రోజు. మీరే రాశారు, ఇప్పటికీ పడీపడీ నవ్వుతారని. రాత్రీ పగలూ గుంట గట్టు మీదే కనబడే మనిషి, ఆ పూట ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, చెరో చేతికీ ఒక బిడ్డను పట్టుకుని అలల్లో నిలబడ్డాడు. చెప్పు పోయినా కోప్పడలేదు. పన్నెండేళ్ళ పిల్లకు అది ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. ముప్పై ఏళ్ళు వచ్చాక కూడా ఆ పిల్ల దాన్ని తన పిల్లలకు చెబుతుంది. ఆ రోజు మీరేం చేశారు? ఫొటో పెట్టడానికి సిగ్గుపడ్డారు. పిల్లలు అంత నవ్వుతున్నప్పుడు మీ మనసు బెంగుళూరులో ఉంది. నాకు బాధ కలిగింది అక్కడే.

మీ ఆయన విషయానికొస్తాను. ‘గుంటలు వదిలి రాను’ అన్నాడని మొండివాడిలా రాశారు. వనామి రొయ్యలు వేసిన ఇంట్లో కాపురం చేస్తున్నారు, మీకు నేను చెప్పాలా? రోజుకు నాలుగుసార్లు మేత, మేత తిన్నాయో లేదో చెక్ ట్రే ఎత్తి చూసుకోవడం, రాత్రిళ్ళు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదోనని చెవి అటే వేసి పడుకోవడం. తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. సరిగ్గా ఆ వేళకు కరెంటు పోయి జనరేటర్ మొరాయిస్తే, తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి. మూడు నాలుగు నెలల పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతుంది. అలాంటి మనిషిని పంట మధ్యలో ఊటీ తీసుకెళ్తే బొటానికల్ గార్డెన్‌లో కూడా ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే తిరుగుతాడు. మీరు చిరాకు పడతారు, ఆయన అరుస్తాడు, పిల్లలు బిక్కమొహాలు వేసుకుని చూస్తారు.

అయితే ఆయనకు తీరికే లేదా? ఉంది. పట్టుబడి అయ్యాక నీళ్ళు తీసేసి, గుంట అడుగు నెర్రెలిచ్చే దాకా ఎండబెడతారు కదా. మళ్ళీ రొయ్య పిల్లను వదిలేలోపు ఉండే ఆ రోజులే మీ ఇంటికి సెలవులు. అవి బడి సెలవులతో కలవకపోవచ్చు. బడికి రెండు రోజులు సెలవు చీటీ పెట్టండి, ఏమీ మునిగిపోదు. మార్కుల కోసం తండ్రితో గడిపే రోజులు పోగొట్టడం నాకు బొత్తిగా నచ్చదు. మీ ఆయనకు కూడా ఒక మాట. ఈ ఉత్తరం ఆయనకు చూపించండి. ఎండబెట్టే రోజుల్లో కూడా ‘పనుంది’ అంటూ ఫీడ్ షాపు దగ్గర కబుర్లు చెబుతూ కూర్చుంటే మాత్రం తప్పు ఆయనదే.

ఇప్పుడు అసలు సంగతి. ‘మామయ్యకు రెండు పూటలా ఇన్సులిన్ నేనే వేయాలి’ అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్ళిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. గుంటలు ఎండినా, ఆయన సరేనన్నా, మీరు ఎలా కదులుతారు? రెండు పూటల మధ్య ఎంత దూరం పోగలరు? మైపాడు దాకా. మీ బిడ్డలకు మైపాడు తప్ప తెలియకపోవడానికి కారణం మీ ఆయన పిసినారితనమూ కాదు, గుంటలూ కాదు. ఇద్దరు కొడుకులున్న ఇంట్లో పెద్దవాళ్ళ బాధ్యత మొత్తం ఒక్క కోడలి చేతి మీద పడింది. రెండో కోడలు స్వేచ్ఛగా తిరగగలుగుతున్నదంటే, ఇక్కడ మీరు ఇల్లు కదలకుండా ఉన్నారు కాబట్టే. ఈ మాట ఆమెతో ఏనాడైనా అన్నారా? అని ఉండరు. మీరు అలిగి, ఫొటోలకు లైక్ కొట్టకుండా ఊరుకుని ఉంటారు. ఆమెకు మీ కోపం కూడా తెలిసి ఉండదు.

తల్లిదండ్రులను చూసుకోవడం కొడుకుల ధర్మం. నేను దాన్ని గట్టిగా నమ్ముతాను. కానీ ఆ ధర్మం ఊళ్ళో ఉండిపోయిన కొడుక్కి ఒకటి, ఊరు వదిలిన కొడుక్కి ఇంకొకటి కాదు. నెలనెలా డబ్బు పంపితే సరిపోయే సంగతి కూడా కాదిది. డబ్బు ఇన్సులిన్ కొంటుంది, వేళకు వేసే చెయ్యి కావాలి కదా. మీరు అడగబోయేది సాయం కాదు, మీకు రావలసిన వంతు. కాబట్టి నసుగుతూ అడక్కండి, ఏడుస్తూ అసలే అడక్కండి.

ఈ వారమే మీ తోడికోడలికి ఫోన్ చేయండి. మరిదికి కాదు, ఆమెకే. మగవాళ్ళ ద్వారా చెప్పిస్తే ఆ మాట అటు తిరిగి ఇటు తిరిగి ‘అక్క కుళ్ళుకుంటోంది’ అని చేరుతుంది. ఫొటోల ప్రస్తావన తేవద్దు, అత్త మాటలు అసలే తేవద్దు. ‘అమ్మాయ్, ఈసారి సెలవులకు మీరు వచ్చినప్పుడు మూడు రోజులు మామయ్యను నువ్వు చూసుకోవాలి. మేము బిడ్డల్ని తీసుకుని బయటికి పోతున్నాం. ఇన్సులిన్ ఎలా వేయాలో వచ్చిన రోజే నేర్పిస్తాను’ అనండి. అంతే. కారణాలు వల్లించకండి. మరిది వాళ్ళ సెలవులు, గుంట ఎండే రోజులు కలిసేలా తేదీలు ముందే మాట్లాడుకోండి. ఆమె సరేనంటుందనే నా నమ్మకం. చాలామంది అడగరనే చేయరు. కుదరదంటే అప్పుడు మీ ఆయన తమ్ముడితో మాట్లాడాలి. అది అన్నదమ్ముల లెక్క.

ఆమె వచ్చి ఆ మూడు రోజులు వేళకు లేచి, భోజనానికి ముందు సూది వేసి, మీ మామగారి చేత తియ్యటి టీ మాన్పించే తంటాలు పడితే, మీరు ఏం చేస్తున్నారో చెప్పకుండానే తెలుస్తుంది. అత్తగారి సంగతంటారా, దూరంగా ఉన్న కొడుకును పొగడని తల్లి ఉండదు. దానికి మీరు అన్నం మానుకోనక్కర్లేదు.

ఇక ఎక్కడికి పోవాలంటారా? రొయ్యల గుంటల మీద బతికే ఇంటి పిల్లలు పులికాట్ సరస్సు చూడకపోవడం పెద్ద లోటు. చలికాలంలో వెళ్ళండి. సూళ్ళూరుపేట దాకా రైలుంది. అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, రెండు పక్కలా నీళ్ళు, ఆ నీళ్ళలో ఫ్లెమింగోలు. నేలపట్టు చెరువులో నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని, పిల్లలకు చేపలు తినిపిస్తుంటాయి. ఆ ఊరి రైతులు వాటిని తరిమేయరు. రెట్టలు పడిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువని వాళ్ళకు తెలుసు. ఈ మాట మీ ఆయన చేతే పిల్లలకు చెప్పించండి. నీళ్ళ గురించి, మేత గురించి ఆయనకు తెలిసినంత మీ ఇంట్లో ఎవరికీ తెలియదు. శ్రీహరికోటలో జనం కూర్చుని రాకెట్ ప్రయోగం చూసే గ్యాలరీ 2019 నుంచి ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి. కుదరకపోతే ప్రయోగం రోజున అందరూ కలిసి మిద్దె ఎక్కండి. ఆకాశం తేటగా ఉంటే మీ ఊళ్ళోంచే కనబడుతుంది.

మూడు రోజులు చిక్కితే వానలు వెనకబట్టాక ఉదయగిరి వైపు వెళ్ళండి. అక్కడ చెక్కతో స్పూన్లు, గరిటెలు చెక్కే వాళ్ళను చూపించండి. బాబు వయసు పిల్లలు ఆ పని దగ్గర నుంచి కదలరు. అటు నుంచి భైరవకోన చేరుకోవచ్చు. ఒకే కొండను తొలిచి చెక్కిన ఎనిమిది శివాలయాలు, వాటి పక్కనే జలపాతం. పులిహోర కట్టుకుని పోవాలని తెల్లవారుజామునే లేవకండి. దారిలో దొరికింది తినండి. మీకు కూడా అది సెలవే కావాలి.

పాప ఖోఖో గురించి చివరగా చెబుతున్నానని చిన్నదనుకోకండి. ‘మట్టి కొట్టుకుని వస్తుంది, దానికి అదే లోకం’ అని విసుక్కున్నారు. ఆ పిల్లకు ఒక లోకం దొరికిందమ్మా! మ్యాచ్‌లో ఎనిమిది మంది వరసగా ఒకరు అటు, ఒకరు ఇటు మొహం పెట్టి కూర్చుంటారు. వెనక నుంచి ‘ఖో’ అని చెయ్యి తగలగానే లేచి పరుగెత్తాలి. ఆ పరుగులో మీ అమ్మాయి ఎలా ఉంటుందో మీరు ఒక్కసారీ చూడలేదు. మ్యాచ్ ఎప్పుడో పాపనే అడగండి. మామయ్యకు పొద్దున ఇన్సులిన్ వేసి, టిఫిన్ పెట్టి, బాబును వెంటబెట్టుకుని గ్రౌండ్‌కు వెళ్ళండి. నీళ్ళ సీసా, నాలుగు బత్తాయిలు పట్టుకెళ్ళండి, టీం మొత్తానికీ సరిపోయేలా. ఫోన్ సంచిలోనే ఉంచి ఆట చూడండి. గెలిచినా ఓడినా ఆ యూనిఫాం ఆ పూటకు మీరే ఉతికి పెట్టండి.