థీమ్ పార్కులో ఉద్యోగం: ఎలా తీసుకుంటారు, ఏం చేయిస్తారు

ప్రశ్న అనకాపల్లి నుంచి ఒక తమ్ముడిది. ఇంటర్ అయింది, 19 ఏళ్లు, థీమ్ పార్కులో రైడ్ ఆపరేటర్‌గా చేరాలని ఉంది. ఎలా తీసుకుంటారు, ఇంగ్లీషు రావాలా, ఇంట్లో "అదీ ఒక ఉద్యోగమేనా" అంటుంటే ఏం చెప్పాలి అని అడిగాడు.

తమ్ముడూ, మాది పెందుర్తి. డిగ్రీ అవగానే వైజాగ్‌లో ఒక చిన్న పార్కులో చేరి రెండేళ్లు చేశాను. ఆ తర్వాత హైదరాబాద్ దగ్గర ఒక పెద్ద పార్కులో మూడేళ్లు. చేరతానన్న రోజు మా అమ్మ అన్న మాట నాకింకా గుర్తుంది: "రంగులరాట్నం తిప్పడానికా నిన్ను డిగ్రీ చదివించింది?" అందుకే నీ మూడో ప్రశ్న నాకు బాగా తెలుసు. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు ఎక్కడ వెతకాలో చెప్తాను. మన వైజాగ్‌లో కైలాసగిరి మీద రోప్‌వే, టాయ్ ట్రైన్ ఉన్నాయి. బీచ్ రోడ్డులో పార్కులున్నాయి, ఊరి చివర వాటర్ పార్కులున్నాయి, మాల్స్‌లో గేమ్ జోన్‌లున్నాయి. రోజంతా గడిపే పెద్ద థీమ్ పార్కు కావాలంటే మాత్రం ఊరు దాటాలి. అందరూ హైదరాబాద్ అంటారు. రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచీ ఉంది, రావిర్యాల దగ్గర వండర్‌లా 2016లో వచ్చింది. కానీ ఉత్తరాంధ్ర వాళ్లం భువనేశ్వర్ సంగతి మర్చిపోతాం. 2024లో వండర్‌లా అక్కడ కూడా తెరిచారు. వైజాగ్ నుంచి రైల్లో 440 కిలోమీటర్ల చిల్లర, హైదరాబాద్ కన్నా దగ్గర. ఇచ్ఛాపురం, సోంపేట వైపు పిల్లలకు ఒరియా ఎలాగూ వచ్చు. వాళ్లకైతే నేను ముందు అక్కడే అడగమంటాను.

వేసవిలో పెట్టే ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తిప్పే పని దొరుకుతుంది కదా అని కొందరు అడుగుతుంటారు. దాంతో మొదలుపెట్టమని నేను చెప్పను. చాలాచోట్ల చేరినట్టు కాగితం ఉండదు, దెబ్బ తగిలితే అడిగే దిక్కుండదు.

ఎలా తీసుకుంటారంటే, ఎక్కువ మందిని సీజన్ ముందు తీసుకుంటారు. వేసవి సెలవులకని మార్చిలో, దసరాకని సెప్టెంబర్‌లో. ఫోన్ చేస్తే రెజ్యూమే పంపమంటారు, పంపాక జవాబు రాదు. మనిషి వెళ్లాలి. శని, ఆదివారాలు వద్దు, ఆ రోజు నీతో మాట్లాడే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. మంగళవారమో బుధవారమో పొద్దున పదింటికల్లా వెళ్లి, గేటు దగ్గర సెక్యూరిటీ అన్నని "హెచ్ఆర్ వాళ్లని కలవాలి" అని అడుగు. టెన్త్, ఇంటర్ మెమోలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు దగ్గరుంచుకో. నాకైతే కళ్ల పరీక్ష కూడా చేశారు. ఎరుపు, ఆకుపచ్చ లైట్లు తేడా తెలియాలి కదా. ఎత్తంటే భయముందా అని అడిగారు. లేదంటే సరిపోలేదు, స్లైడ్ టవర్ పైదాకా ఎక్కించి, పై నుంచి కింద కొలను చూపించి, అక్కడే నిలబెట్టి నాలుగు మాటలు మాట్లాడించారు.

ఇంగ్లీషు గురించి భయపడకు. మన వైపు పార్కుల్లో హిందీ ఎక్కువ పనికొస్తుంది. దసరాకీ డిసెంబర్‌లోనూ బెంగాలీ వాళ్లు, ఒరియా వాళ్లు కుటుంబాలతో దిగుతారు, అరకు చూసి, బీచ్ చూసి, మన దగ్గరికొస్తారు. నేను మొదటి వారంలో రెండు మాటలు చేతి మీద రాసుకుని బట్టీ పట్టాను. బెంగాలీలో "దాడాన్", ఒరియాలో "రుహంతు". రెండూ ఆగండి అనే. రోజుకి వందసార్లు వాడాను.

ఇంటర్వ్యూలో నన్ను అడిగిన అసలు ప్రశ్న ఒక్కటే. "రైడ్‌కి ఎత్తు సరిపోని పాపను తీసుకొచ్చి, వాళ్ల నాన్న మీ మీద అరుస్తున్నాడు. వెనక క్యూలో జనం గోల. ఏం చేస్తారు?" నేను మేనేజర్‌ని పిలుస్తానన్నాను. ఇంటర్వ్యూ చేసినాయన "మేనేజర్ వచ్చేలోపు?" అన్నారు. నేను తెల్లమొహం వేశాను. అయినా తీసుకున్నారు. ఆ ప్రశ్నకు జవాబు రెండేళ్ల పనిలో దొరికింది.

పని ఎలా ఉంటుందో చెప్తాను. పార్కు పదకొండింటికి తెరిస్తే మనం తొమ్మిదికల్లా లోపలుండాలి. ముందు మెయింటెనెన్స్ వాళ్లు రైడ్ చూస్తారు, ఖాళీగా తిప్పుతారు, కొన్నిటికి బరువులు పెట్టి తిప్పుతారు. చెక్ షీట్ మీద వాళ్లు సంతకం పెట్టాక, మనం మళ్లీ చూసుకుని మనం పెట్టాలి. వైజాగ్‌లో దీనికి తోడు ఇంకో పనుంది, ఉప్పుగాలి. రాత్రికి రాత్రే సీటు పిన్నుల మీద తెల్లటి పొర పేరుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడవకపోతే నెలలోపే ఎర్రబడుతుంది. హైదరాబాద్‌లో చేరాక అక్కడి బోల్టులు చూసి నాకు ఆశ్చర్యమేసింది, అంత శుభ్రంగా ఉన్నాయి.

ఇక బ్యాచ్ ఎక్కించడం. ముందుకీ వెనక్కీ ఊగే కొలంబస్ పడవే తీసుకో. జనం కూర్చున్నాక ల్యాప్ బార్, అంటే తొడల మీద అడ్డంగా పడే ఇనుప కడ్డీ, దించుతాం. దించాక ఒక్కొక్క బార్ చేత్తో పట్టుకుని మన వైపుకి గట్టిగా లాగాలి. చూపు చాలదు, చెయ్యి పడాలి. లాక్ పడిన బార్ చేతికి రాయిలా తగులుతుంది, పడనిది రవ్వంత కదులుతుంది. చీర కొంగు, చున్నీ, మెడలో వేలాడే ఫోను చూసుకోవాలి. అవతలి వైపు మనిషి కూడా తన వైపు చూసి చెయ్యెత్తాకే ప్యానెల్ దగ్గరున్నవాళ్లు స్టార్ట్ నొక్కాలి. పొద్దున మొదటి బ్యాచ్‌కి ఇది ఎవరైనా చేస్తారు. ఆదివారం సాయంత్రం ఐదున్నరకి, కాళ్లు పీకుతున్నప్పుడు, క్యూలోంచి "ఎంతసేపమ్మా" అని కేకలేస్తున్నప్పుడు, అదే బార్‌ని అంతే గట్టిగా లాగగలవా? నిన్ను నువ్వు అడగాల్సింది ఇదే. ఇంగ్లీషూ కాదు, మార్కులూ కాదు.

ఇంటర్వ్యూలో అడిగిన ఆ ఎత్తు సంగతికొస్తాను. రైడ్ ముందు గీత గీసిన కర్ర ఉంటుంది. ఒకరోజు విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒకాయన ఏడెనిమిదేళ్ల పాపను తెచ్చాడు. గీతకి రెండువేళ్ల కింద ఉంది. పాప మడమలెత్తి నిలబడింది, జుట్టు పైకి ముడేసుకుని వచ్చింది. "ఏటమ్మా, రెండు వేళ్లకేటి కొంప మునిగిపోద్దా, నేను పట్టుకుంటాను కదా" అంటాడు. మన చేతులు పట్టుకోలేవని ఆయనకెలా చెప్పను? పడవ వెనక్కి ఊగినప్పుడు మనిషి సీట్లోంచి లేచిపోతాడు, చిన్న పిల్లలు బార్ కిందనుంచి జారతారు. ఆ గీత టికెట్ కోసం గీసింది కాదు, బార్‌కీ తొడకీ మధ్య సందు కోసం గీసింది. నేను కింద కూర్చుని పాపతోనే మాట్లాడాను. "నువ్విక్కడికి పెరిగాక నా దగ్గరికే రా, మొదటి సీటు నీదే" అన్నాను. తండ్రి తిట్టుకుంటూనే వెళ్లాడు. పాప వెనక్కి తిరిగి చెయ్యూపింది. ఇంటర్వ్యూలో అడిగిన "మేనేజర్ వచ్చేలోపు?" అన్నదానికి నా జవాబు అది. వద్దనేది మనమే. ఎవరికోసమూ ఎదురుచూడకూడదు.

మొదటి పార్కులో ఒక తప్పు చేశాను, అది నీకు చెప్పకపోతే ఈ జవాబు సగమే. ఒక పొద్దున సూపర్‌వైజర్ చెక్ షీట్ తెచ్చి, "టైమైపోయింది, స్కూలు బస్సులొచ్చేశాయి, పెట్టేయ్" అన్నాడు. చూడకుండానే సంతకం పెట్టేశాను. రెండో బ్యాచ్‌లో ఒక బార్ లాగితే కదిలింది. మళ్లీ లాగాను, మళ్లీ కదిలింది. ఆ సీట్లో కూర్చున్నది ఆరో తరగతి కుర్రాడు. వాణ్ణి దించి, ఆ వరసకి తాడు కట్టాను. సూపర్‌వైజర్ వచ్చి "గట్టిగా పట్టుకోమను" అన్నాడు. నేను నడపనన్నాను. వారం రోజులు నన్ను నీళ్లలో దిగేవాళ్లకి బట్టలిచ్చే కాస్ట్యూమ్ కౌంటర్‌లో వేశారు, తడి నైలాన్ బట్టలు లెక్కపెట్టడానికి. నాకు దాని బాధ లేదు. పొద్దున పెట్టిన సంతకమే ఇప్పటికీ బాధ. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియా దగ్గర పెండ్యులమ్ రైడ్ విరిగి ఇద్దరు పోయారు. అరెస్టయినవాళ్లలో రైడ్ నడిపే ఆపరేటర్లూ ఉన్నారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతకం పెట్టమంటే చూసి పెట్టు, చూడనివ్వకపోతే పెట్టకు.

గాలి, మెరుపులు వచ్చినప్పుడు కూడా ఇంతే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు మనది, గాలి సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు. రైడ్ ఆపితే డబ్బులు తిరిగివ్వమంటారు, తిడతారు. పడాలి.

జీతం విషయం సూటిగా చెప్తాను. మొదట్లో తక్కువే, చాలాచోట్ల ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు. చేరేముందు చేతికెంత వస్తుందో అడుగు, చెప్పే అంకె వేరు, వచ్చేది వేరు. 12,000 అంటే అందులో పీఎఫ్ 12 శాతం, అంటే 1,440 పోతుంది. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమాకి 0.75 శాతం, 90 రూపాయలు. చేతికి 10,470. నెలకి 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకి ఈఎస్ఐ వర్తిస్తుంది, ఆ కార్డు తప్పక తీసుకో. తడినేల మీద జారి నా చెయ్యి బెణికినప్పుడు అదే ఆదుకుంది. ఇంకోటి, ప్రభుత్వం వాళ్ల ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ నెలనెలా చూసుకో. నేను చేసిన మొదటి చోట మూడు నెలలు కోత కోశారు, ఖాతాలో వెయ్యలేదు. ఆరుగురం కలిసి పాస్‌బుక్ ప్రింట్లు పట్టుకుని ఆఫీసుకెళ్లాం. తర్వాతి నెల మొత్తం పడింది. ఒక్కదాన్నే వెళ్లుంటే పడేది కాదనుకుంటాను.

నీకు ఈత బాగా వస్తే లైఫ్‌గార్డ్ వైపు ఆలోచించు. రాష్ట్రీయ లైఫ్ సేవింగ్ సొసైటీ వాళ్ల శిక్షణ, సర్టిఫికెట్ ఉంటే విలువ ఎక్కువ. సముద్రంలో ఈదినవాళ్లకి కూడా మెషిన్‌తో అలలు పుట్టించే వేవ్ పూల్ కొత్తే. అక్కడ ఈదడం కన్నా చూడటం కష్టం. పది సెకన్లలో నీకు అప్పగించిన భాగమంతా కళ్లతో చుట్టి రావాలి, ఇరవై సెకన్లలో మునిగేవాళ్లని చేరాలి. మునిగేవాళ్లు అరవరు, చేతులూ ఊపరు. నీళ్లలో నిలువుగా, చప్పుడు లేకుండా ఉంటారు. ఒకటి రెండేళ్లు ఆగగలిగితే మాత్రం ఐటీఐ చెయ్యి. కంచరపాలెంలో ప్రభుత్వ ఐటీఐ ఉంది. ఫిట్టరో ఎలక్ట్రీషియనో చేసి మెయింటెనెన్స్‌లో చేరితే జీతం మెరుగు, సీజన్ అయిపోగానే తీసేస్తారన్న భయమూ తక్కువ. నా తోటి ఆపరేటర్ ఒకతను అలాగే వెనక్కెళ్లి చదువుకుని వచ్చాడు, ఇప్పుడు రోలర్ కోస్టర్ సెన్సర్లు చూస్తున్నాడు.

ఇది చదివే చెల్లెళ్లకి ఒక మాట. చేరేముందు రాత్రి డ్రాప్ బండి ఉందా అని అడగండి. పార్కు ఆరింటికి మూసినా మనం బయటపడేసరికి ఏడున్నర, ఊరి చివర నుంచి చివరి బస్సు మనకోసం ఆగదు.

ఇంట్లో ఏం చెప్పాలన్నావు. నేనేం చెప్పినా మా అమ్మకి ఎక్కలేదు. కార్తీకమాసంలో స్టాఫ్ ఇళ్లవాళ్లకి ఒకరోజు ఉచితంగా రానిచ్చారు. అమ్మ మా అక్క కొడుకుని తీసుకుని వచ్చింది, వాడి గోల పడలేక కొలంబస్ ఎక్కింది. నేను వరసగా బార్లు లాగుతూ ఆవిడ దగ్గరికొచ్చి, కొంగు లోపలికి దోపి, బార్ లాగి ముందుకెళ్లాను. వెనక నుంచి పిలిచింది. "ఇదిగో, ఇంకోసారి చూడవే." వెనక్కెళ్లి రెండుచేతులతో లాగి చూపించాను. వాడిదీ లాగించింది. ఆ తర్వాత రంగులరాట్నం మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మెమోల జిరాక్సులు రెండు సెట్లు తీయించుకో. బూట్లు వేసుకుని వెళ్లు, చెప్పులతో వెళితే స్లైడ్ టవర్ ఎక్కనివ్వరు.