బీఆర్‌ఏఎఫ్ ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి రెండు మాత్రలు ఎందుకు, ఒక్కటి చాలదా?

మీ నాన్నగారి రిపోర్టులో బీఆర్‌ఏఎఫ్ వి600ఈ (క్యాన్సర్ కణాల బీఆర్‌ఏఎఫ్ జన్యువులో వచ్చే ఒక మార్పు) అని వచ్చింది, డాక్టరు డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ కలిపి రాశారు, ఒక్కటి సరిపోదా అని కదా అడుగుతున్నారు. మా పెద్దమ్మదీ అచ్చం ఇదే కేసు. బెంగళూరులో మా ఇంట్లోనే ఉండి ఈ జంటే వాడుతోంది.

ఒక్కటి సరిపోదండి. రెండోది దొడ్డిదారి మూయడానికి. పాడైన బీఆర్‌ఏఎఫ్ ప్రోటీన్ కణాన్ని ఆగకుండా పెరగమని ఎగదోస్తుంది, ఆ ఆజ్ఞ మెక్ అనే ఇంకో ప్రోటీన్ మీదుగా లోపలికి పోతుంది. డబ్రాఫెనిబ్ మొదటిదాన్ని ఆపితే, కొన్నాళ్లకి కణం వేరే దారిన మెక్‌ని లేపుతుంది. అక్కడ ట్రామెటినిబ్ అడ్డుపడుతుంది. అంతకుముందు కీమో అయినవాళ్ల మీద చేసిన ట్రయల్స్‌లో, డబ్రాఫెనిబ్ ఒక్కటే ఇస్తే 100లో సుమారు 33 మందికి గడ్డ బాగా తగ్గింది, రెండూ ఇస్తే 63 మందికి. అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. ఇవి జబ్బుని అదుపులో పెట్టే మందులు, ఆశ ఆ మేరకే పెట్టుకోండి.

సైడ్ ఎఫెక్టులూ రెట్టింపేమో అని పెద్దనాన్నకి ఒకటే టెన్షన్. చిత్రమేమిటంటే, డబ్రాఫెనిబ్ ఒక్కటే వాడితే చర్మం మీద లేచే గడ్డలు, రెండూ కలిపితే తగ్గుతాయి. పెరిగేది జ్వరం. మొదటిసారి రాత్రి రెండు రగ్గులు కప్పినా పెద్దమ్మ పళ్లు టకటకలాడాయి, తెల్లారేసరికి జాకెట్టు చెమటతో తడిసి ముద్ద. ఫోన్ చేస్తే రెండు మాత్రలూ ఆపమన్నారు, తగ్గాక మళ్లీ మొదలుపెట్టించారు. డోలో వేసి ఊరుకోకండి. ఇన్ఫెక్షనా, మందు వల్లా అన్నది డాక్టరే తేల్చాలి.

ట్రామెటినిబ్ సీసా ఫ్రిజ్‌లో ఉండాలి. మాది దోసెపిండి గిన్నె పక్కన ఉంటుంది. రెండూ పరగడుపున వేసుకోవాలి, తర్వాత గంటసేపు ఏమీ తినకూడదు. కాఫీ పడకపోతే పెద్దమ్మకి తెల్లారదు కాబట్టి ఐదింటికే మాత్రలిచ్చి మళ్లీ పడుకోబెడతాం.

పెద్దపేగు క్యాన్సర్‌లో ఇదే మార్పు ఉన్నా జంట వేరు, ఎన్‌కోరాఫెనిబ్‌తో సెటుక్సిమాబ్ ఇంజెక్షన్. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరివో మందులు చూసి కంగారుపడకండి.

మొదలుపెట్టే ముందు గుండెకి ఎకో, కంటి పరీక్ష సంగతి అడగండి. చూపు మసకబారితే వెంటనే చెప్పమని నాన్నగారికి ముందే చెప్పండి. మనవాళ్లు వయసు మీద తోసేసి దాస్తారు. ఖరీదు మాత్రం గట్టిదే, కంపెనీ సాయం ఏమైనా ఉందేమో ఆస్పత్రి సోషల్ వర్కర్‌ని కనుక్కోండి.