డిస్ట్రిబ్యూటర్ మళ్లీ బిగించాక స్టార్ట్ కాని మారుతి 800

అన్నా, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు వరసగా కరెంటు పంచే భాగం) తీసి తుడిచి పెట్టాక మీ పాత కార్బ్యురేటర్ మారుతి 800 స్టార్ట్ కావట్లేదు, సెల్ఫ్ తిరుగుతోంది, మధ్యమధ్యలో కార్బ్యురేటర్ లోంచి 'టప్' మంటోంది అన్నారు కదా. ఆ 'టప్' వల్లే నా అనుమానం టైమింగ్ మీద, అంటే ప్లగ్‌లో నిప్పురవ్వ పడే సమయం మీద. ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌లకు హై వోల్టేజ్ ఇచ్చేది) కొత్తది కొనకండి, డబ్బులు దండగ.

ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ ఒక్క చుట్టే తిరుగుతుంది. అందుకే క్రాంక్ పుల్లీ మీది టైమింగ్ గుర్తు కలిసినంత మాత్రాన సరిపోదు, అది ఎగ్జాస్ట్ స్ట్రోక్ (పొగ బయటికి పోయే దశ) కూడా కావచ్చు. టైమింగ్ బెల్ట్ వైపున్న మొదటి ప్లగ్ విప్పి, ఆ రంధ్రం మీద వేలు పెట్టండి. క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి మెల్లగా తిప్పించండి. గాలి వేలిని బయటికి నెడుతుంటే అది కంప్రెషన్ (గాలి నొక్కుకునే దశ). అక్కడ గుర్తు కలిపి ఆపండి.

ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీస్తే రోటర్ ఒకటో నంబర్ వైరు వైపు చూస్తుండాలి. లేకపోతే డిస్ట్రిబ్యూటర్ పైకి లాగి మళ్లీ దించండి. దాని గేరు పళ్లు ఏటవాలుగా ఉంటాయి, దిగేటప్పుడు రోటర్ కాస్త తిరుగుతుంది. ఆ మేరకు ముందే వెనక్కి పెట్టుకోవాలి. నేనూ ఇక్కడే మూడుసార్లు తప్పాను.

క్యాప్ మీద ప్లగ్ వైర్లు రోటర్ తిరిగే దిశలో 1-3-2 వరుసలో ఉండాలి. పెట్రోల్‌తో తడిసిన ప్లగ్‌లు ఆరబెట్టాకే సెల్ఫ్ కొట్టండి.