కొడుకు ఉపన్యాసాలకు డబ్బెవరిది?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా వారు గుంటూరు నుంచి హెచ్1బీ ఉద్యోగ వీసా మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను ఫార్మసీలో పనిచేస్తాను. మా అబ్బాయికి 21 ఏళ్లు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. కన్సర్వేటివ్ (సంప్రదాయవాద) రాజకీయాలంటూ కాలేజీల్లో ఉపన్యాసాలు ఇస్తున్నాడు. చదువు ఆపేసి అదే వృత్తి చేసుకుంటానంటున్నాడు. కొత్త హెచ్1బీలకు లక్ష డాలర్ల ఫీజు పెట్టడం సరైనదేనని ఒక మీటింగులో అన్నాడు. ఆ వీడియోను ఎవరో గృహప్రవేశంలో మా వారికి చూపించారు. అప్పటి నుంచి తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఆయన డబ్బు పంపడం ఆపేశారు. ఆయనకు తెలియకుండా నేను నా జీతంలోంచి పంపుతున్నాను. ఇలాగే కాలేజీల్లో కన్సర్వేటివ్ ఉపన్యాసాలిచ్చే చార్లీ కర్క్‌ను చంపినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. వీణ్ణి ఈ పిచ్చి ఎలా మాన్పించాలి? వచ్చే నెల తన ఉపన్యాసానికి రమ్మంటున్నాడు, వెళ్లనా?
— ఒక తల్లి

జవాబు: మాన్పించలేరమ్మా. ఏ పార్టీని మెచ్చుకోవాలో తల్లి చెబితే వినే వయసు వాడికి ఎప్పుడో దాటిపోయింది. ఆ ప్రశ్న పక్కన పెడదాం.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది వేరే మాట. ‘ఆయనకు తెలియకుండా’ అని రాసి ముందుకు వెళ్లిపోయారు. మీ ఇంట్లో అసలు తగువు అక్కడుంది. తండ్రీకొడుకులు కనీసం ఎదురెదురుగా నిలబడి పోట్లాడుకున్నారు. మీరూ మీ వారూ పోట్లాడుకోలేదు కూడా. ఆయన డబ్బు ఆపేశారు, మీరు చాటుగా మొదలుపెట్టారు. ఆయన మాట నెగ్గిందని ఆయన అనుకుంటున్నారు, బిడ్డను కాపాడుకున్నానని మీరు అనుకుంటున్నారు. ఇన్నేళ్ల కాపురంలో ‘ఈ విషయంలో మీరు చేసింది నాకు నచ్చలేదండీ’ అని ఒక్కసారైనా గట్టిగా అన్నారా? అనలేదనే నా అనుమానం. సంపాదించుకునే మనిషి సొంత కొడుక్కి దొంగచాటుగా డబ్బు పంపాల్సి రావడం నాకు చాలా చిన్నతనంగా అనిపిస్తుంది. బిడ్డ రాజకీయం కంటే ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇక మీ అబ్బాయి సంగతి. నా అభిప్రాయాలు వాడివి కావు, అది వేరే విషయం. కానీ ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడాలి, ప్రభుత్వం మీద ఆధారపడకూడదు అని మైకు ముందు చెప్పే కుర్రాడు నాన్నకు తెలియకుండా అమ్మ పంపే డబ్బుతో బతుకుతున్నాడు. ఇది వాడికి తట్టలేదా? తట్టకపోతే మీరే గుర్తుచేయండి.

వాడు వేలుపెట్టి చూపించేది బహుశా చార్లీ కర్క్‌నే అయి ఉంటుంది. ఆయన 18 ఏళ్లకే, 2012లో, కన్సర్వేటివ్ విద్యార్థుల సంస్థ పెట్టాడు, కాలేజీ చదువు పూర్తి చేయలేదు. నిజమే. కానీ ఒక్కరి కథ చూసి చదువు వదిలేస్తే ఎలా? వాడు విలియం బక్లీ గురించి కూడా చదవాలి. అమెరికాలో కన్సర్వేటివ్ వ్యాఖ్యాత అనే వృత్తికి ఒక రూపం తెచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. యేల్‌లో చదువు పూర్తి చేశాక, ఆ యూనివర్సిటీనే తప్పుపడుతూ 1951లో పుస్తకం రాశాడు. 1955లో, 30 ఏళ్లు నిండకముందే, నేషనల్ రివ్యూ పత్రిక పెట్టాడు. దానికి తండ్రి లక్ష డాలర్లు ఇచ్చాడు. కలిగిన కుటుంబం, అది మనకు కుదరదు. అయితే ఆ డబ్బు బాహాటంగా అడిగి తీసుకున్నది.

తర్వాత 1966 నుంచి 1999 వరకు టీవీలో ఫైరింగ్ లైన్ నడిపాడు. తనతో ఏకీభవించని వాళ్లను పిలిచి, కూర్చోబెట్టి వాదించడమే ఆ కార్యక్రమం. ఓడిపోవడమూ ఎరుగును. 1965లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్‌తో వాదిస్తే బాల్డ్విన్‌కు 544 ఓట్లు, ఆయనకు 164 వచ్చి ఓడాడు. న్యాయంగానే ఓడాడు. 1968లో రచయిత గోర్ విడాల్ రెచ్చగొడితే టీవీలోనే ఒళ్లు మరిచి బూతుమాట అని, కొడతానని బెదిరించాడు. ఆ మచ్చ చివరిదాకా పోలేదు. అలాంటి మనిషికి ఆప్త మిత్రుల్లో ఒకరు జాన్ కెనెత్ గాల్‌బ్రెయిత్. నెహ్రూ రోజుల్లో ఢిల్లీలో అమెరికా రాయబారిగా పనిచేసిన, పచ్చి లిబరల్ ఆర్థికవేత్త. బయట ఒకరి సిద్ధాంతాన్ని ఒకరు చీల్చి చెండాడేవారు, సెలవులకు స్విట్జర్లాండ్‌లో కలిసి స్కీయింగ్ చేసేవారు.

ఇప్పుడు ఈ వృత్తి అలా లేదు. ఆదాయం చందాల నుంచి, ప్రకటనల నుంచి, ఉపన్యాసాల ఫీజుల నుంచి వస్తుంది. ఎంత కోపం రేపితే అంతమంది చూస్తారు. ఎదుటివాణ్ణి చిత్తు చేసిన ముప్పై సెకన్ల ముక్కే ఊరంతా తిరుగుతుంది. మీ వారికి గృహప్రవేశంలో చూపించిందీ అలాంటి ముక్కే అయి ఉంటుంది.

మీ వారి వైపు కూడా ఒక మాట చెప్పాలి. ఆయన నొచ్చుకున్నది రాజకీయానికి కాదు. తాను ఏ వీసా మీద వచ్చి, లేఆఫ్ భయాలతో, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తూ ఇల్లు నిలబెట్టాడో, దాని గురించి కొడుకు ఏమన్నాడో నలుగురిలో పరాయివాడి ఫోన్‌లో చూడాల్సి వచ్చింది. ఆ ఫీజు సరైనదని వాదించే హక్కు అబ్బాయికి ఉంది. కానీ స్టేజీ ఎక్కకముందు ఆ మాట నాన్నకు చెప్పి, ఆయన చివాట్లు తిని ఉండాల్సింది. అయితే డబ్బు ఆపి అభిప్రాయం మార్చాలనుకోవడం మీ వారి తప్పు. ఆయనా ఒప్పుకోవాల్సిందే.

కాబట్టి ఈ వారంలోనే మీ వారితో కూర్చోండి. ఎన్ని నెలలుగా, ఎంత పంపారో లెక్కతో సహా చెప్పండి. దాచినందుకు సారీ చెప్పండి, పంపినందుకు చెప్పకండి. డిగ్రీ అయ్యేదాకా ఫీజు, తిండి, అద్దె నేను చూస్తానని కూడా అప్పుడే చెప్పేయండి. ఆయన అరుస్తారు. అరవనివ్వండి. ఆ తర్వాత అబ్బాయికి ఫోన్ చేసి, చదువుకు డబ్బు వస్తుందనీ, ఉపన్యాసాలకు తిరిగే ఖర్చు తనే చూసుకోవాలనీ, ఇదంతా నాన్నకు తెలుసనీ చెప్పండి. నాన్న ఏమన్నారు అని అడిగితే, ఫోన్ చేసి నువ్వే అడుగు అనండి. ఇద్దరి మధ్యా కబుర్లు మోయడం ఆపేయండి.

మీ భయం మాత్రం నేను కొట్టిపారేయను. 2025 సెప్టెంబరు 10న యూటా వ్యాలీ యూనివర్సిటీలో కర్క్ విద్యార్థుల ప్రశ్నలకు జవాబిస్తుండగానే కాల్చి చంపారు. అది చూశాక ఏ తల్లికి నిద్ర పడుతుంది? మీటింగు ఆరుబయటా, హాల్లోనా, లోపలికి వచ్చేవాళ్లను తనిఖీ చేస్తారా, క్యాంపస్ పోలీసులు ఉంటారా అని అబ్బాయిని అడగండి. విసుక్కున్నా జవాబు రాబట్టండి.

ఉపన్యాసానికి వెళ్లండి, మీ వారికి చెప్పే వెళ్లండి. నచ్చనిచోట చప్పట్లు కొట్టనక్కర్లేదు. ఆయన వస్తానంటే మంచిదే, రానంటే మీరొక్కరే కారు వేసుకుని వెళ్లండి. వీడియో తీసుకొచ్చి ఆయనకు చూపించే పని మాత్రం పెట్టుకోకండి.