రాజీనామా చేశారా, చేయించారా?

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒక పెద్ద టెక్ కంపెనీలో ఆరేళ్లు లీడ్ ఇంజనీరుగా చేశాను. ఎప్పుడూ మంచి రేటింగే. కొత్త మేనేజర్ వచ్చాక పర్ఫార్మెన్స్ బాగాలేదని పీఐపీలో (పనితీరు మెరుగుపరచుకోమని గడువు పెట్టే పద్ధతి) పెట్టారు. 2026 జనవరిలో హెచ్ఆర్ వాళ్లు వీడియో కాల్‌లో ‘మీరే రిజైన్ చేయండి, లేదంటే మేమే తీసేస్తాం, అది రికార్డులో పడుతుంది’ అన్నారు. భయపడి చేసేశాను. రెండు నెలల జీతం అదనంగా ఇచ్చారు. అమ్మకు గుండె ఆపరేషన్ అయింది, ఫ్లాట్ ఈఎంఐ నడుస్తోంది. నేను బాగా పనిచేశానని కోర్టులో నిరూపించుకోవచ్చా?
- ఒక సోదరి, తెల్లాపూర్

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో మూడు పేజీలు మేనేజర్ గురించే. కేసును తేల్చే మాట మాత్రం చివర్లో ఒక్క లైనులో రాసి వదిలేశారు: కంపెనీ పోర్టల్‌లో రాజీనామాకు కారణం అడిగిన చోట ‘వ్యక్తిగత కారణాలు’ అని నొక్కారు. మీరు బాగా పనిచేశారా లేదా అన్నది తర్వాతి సంగతి. ముందు తేలాల్సింది, మీరు మానేశారా, వాళ్లు మాన్పించారా అనేది. ఇష్టపడి రాజీనామా చేసిన మనిషికి తొలగింపు కేసే ఉండదు. బలవంతంగా చేయించారని నిరూపించాల్సిన భారం మీదే.

చదువుకున్న మనిషి, ఆరేళ్ల అనుభవం. ఆ సాయంత్రమే ‘ఒత్తిడి చేసి చేయించారు’ అని ఒక్క మెయిల్ పెట్టి ఉంటే ఈ జవాబు సగంలో అయిపోయేది. అయిదు నెలలు ఊరుకున్నారు. పైగా ఫోన్ మారుస్తూ వాట్సాప్ బ్యాకప్ తీసుకోలేదట!

అయినా దారి ఉంది. సెటిల్‌మెంట్ లెటర్ మీ సొంత మెయిల్‌కే వచ్చిందన్నారు కదా, దాని మీద తేదీ చూడండి. మీరు పోర్టల్‌లో నొక్కింది మధ్యాహ్నం. లెటర్ తేదీ అంతకు ముందురోజుదైతే, మీరు రాజీనామా చేస్తారని వాళ్లకు ముందే ఎలా తెలుసు? లెక్క కట్టి పెట్టుకున్నారంటే నిర్ణయం ఎవరిది? సొంత పని మీద మానేసే మనిషికి రెండు నెలల జీతం ఎదురిచ్చి, నోటీసు పీరియడ్ కూడా అడక్కుండా అదే సాయంత్రం లాగిన్ తీసేసే కంపెనీ ఎక్కడైనా ఉంటుందా? ఈ ప్రశ్నలు ఉద్యోగ వివాదాలు వినే పారిశ్రామిక ట్రిబ్యునల్‌లో అడగదగ్గవి. ఆ మెయిల్‌ను డిలీట్ చేయకండి. ప్రింటు ఒక్కటే చాలదు, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జత చేయాలి. ఆ రోజు మీవారికి పంపిన మెసేజ్ ఆయన ఫోన్‌లో ఉంటుంది, ఆ ఫోన్ అమ్మకండి.

కంపెనీలో ఉన్న స్నేహితురాలు లోపలి రేటింగ్ షీట్లు డౌన్‌లోడ్ చేసి ఇస్తానందని రాశారు. వద్దంటే వద్దు. అనుమతి లేకుండా డేటా తీస్తే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది, మీరు ఫిర్యాదుదారు నుంచి ముద్దాయి అవుతారు. ఆ కాగితాలు కంపెనీ చేతే పెట్టించమని ట్రిబ్యునల్‌ను అడగొచ్చు.

కంపెనీ వేసే రెండో ఎత్తు: ‘లీడ్’ అంటే మేనేజర్, కార్మిక చట్టం వర్తించదు. పేరు చూడరు, పని చూస్తారు. మీరు కోడ్ రాసేవారా, లేక జూనియర్ల సెలవులు, రేటింగులు మంజూరు చేసేవారా? ఇలాగే పనితీరు సాకుతో 2015లో తీసేసిన ఒక ఇంజనీరును వెనక్కి తీసుకోమని 2022లో చెన్నై లేబర్ కోర్టు చెప్పింది. ఆయన మేనేజరన్న వాదన అక్కడ నిలవలేదు. నిజంగా మీ చేతిలో సెలవులు, రేటింగులు ఉంటే మాత్రం సివిల్ కోర్టే గతి. అక్కడ డబ్బు అడగొచ్చు, ఉద్యోగం తిరిగి రాదు.

గడువు సంగతి. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లో ఉంది. పాత చట్టంలో మూడేళ్లుండేది, ఇప్పుడు వివాదం మొదలైన రెండేళ్లు దాటితే రాజీ అధికారి (కంపెనీకీ ఉద్యోగికీ మధ్య రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి) చేపట్టరు. మీకు 2028 జనవరి దాకా ఉంది, కానీ ‘బలవంతం’ అనే మాట ఆలస్యమయ్యేకొద్దీ బరువు తగ్గుతుంది.

ఈ వారంలోనే కంపెనీకి స్పీడ్ పోస్టులో, మెయిల్‌లో ఉత్తరం పంపండి. ఆ రోజు కాల్ ఎన్ని గంటలకు, ఎవరు ఏమన్నారు, అంతే రాయండి. మేనేజర్‌ను తిట్టకండి. అదనపు జీతం తీసుకున్నారు కాబట్టి రావాల్సినదాంట్లో సర్దుకోవడానికి ఒప్పుకుంటూ, హక్కులు వదులుకోలేదని ఒక ముక్క చేర్చండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని కార్మిక శాఖ కార్యాలయంలో, అంజయ్య భవన్‌లో, దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో కనుక్కోండి. తొలగింపని తేలితే నెల నోటీసు, పూర్తయిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల వేతనం లెక్కన పరిహారం అడగొచ్చు.

గ్రాట్యుటీ వచ్చిందో లేదో మీరు రాయలేదు. అయిదేళ్లు దాటాయి కనుక రాజీనామా అయినా సరే అది మీకు రావాల్సిందే. రాకపోతే దానికి విడిగా దరఖాస్తు పెట్టండి, ఈ గొడవ తేలేదాకా ఆగక్కర్లేదు.