కాందహార్ హైజాక్‌పై సర్కారు మాట నమ్మకపోతే కేసు పెడతారా?

ప్రశ్న: 1999 డిసెంబరులో ఖాట్మండు నుంచి ఢిల్లీ వస్తూ హైజాకైన ఐసీ 814 విమానం అమృత్‌సర్‌లో దిగింది కదా, అక్కడే ఎందుకు ఆపలేకపోయారన్నదానికి ప్రభుత్వం చెప్పిన కారణం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఇదే రాశాను. డబ్బు చేతులు మారిందని, అప్పటి ఒక అధికారి అమ్ముడుపోయాడని పేరుతో సహా పెట్టాను. గ్రూపులో ఒకాయన ఇది దేశద్రోహం, స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తానంటున్నాడు. నిజంగా కేసవుతుందా? ఇరవై ఏళ్లు దాటాయి కాబట్టి సమాచార హక్కు కింద ఫైళ్లు ఇచ్చి తీరాలని మా బావమరిది అంటున్నాడు, నిజమేనా? కోర్టుకెళ్లి మళ్లీ దర్యాప్తు చేయించొచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. ప్రభుత్వం చెప్పిన కారణం నేను నమ్మను అనడం మన దేశంలో నేరం కాదు. హింసకు, అల్లర్లకు రెచ్చగొట్టనంత వరకు ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా రాజద్రోహం కిందికి రాదని 1962లోనే కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాజద్రోహానికి సంబంధించిన పాత 124ఏ సెక్షన్ ఇప్పుడు లేదు. దాని చోట భారతీయ న్యాయ సంహితలో 152 వచ్చింది గానీ అది వేర్పాటువాదం, సాయుధ తిరుగుబాటు లాంటి వాటి గురించి. పాతికేళ్ల కిందటి హైజాక్ మీద వాట్సాప్‌లో అనుమానం వ్యక్తం చేస్తే దాని కిందికి ఎలా వస్తుందో ఆ పెద్దమనిషినే అడగండి. ఐటీ చట్టం 66ఏ అని బెదిరిస్తే అసలు పట్టించుకోవద్దు, దాన్ని 2015లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది.

కానీ మీ పోస్టులో రెండో ముక్క, అదే ఆ అధికారి పేరు పెట్టి అమ్ముడుపోయాడన్నది, వేరే సంగతి. అది పరువు నష్టం. సంహితలో 356 సెక్షన్, రెండేళ్ల వరకు శిక్ష ఉంది. దీనికి ఫిర్యాదు చేయాల్సింది పరువు పోయిన వ్యక్తి, అంటే మీ గ్రూపులోని ఆయన కాదు ఆ అధికారే, ఆయన చనిపోయి ఉంటే కుటుంబసభ్యులు. ఇదే సెక్షన్‌లో ఒక మినహాయింపు కూడా ఉంది: ప్రభుత్వోద్యోగి తన విధి నిర్వహణలో ఎలా ప్రవర్తించాడన్నదాని మీద సదుద్దేశంతో చెప్పే అభిప్రాయం పరువు నష్టం కాదు. కాబట్టి 'ఆ సాయంత్రం అధికారులు అసమర్థంగా వ్యవహరించారు' అంటే అభిప్రాయం, మీకు రక్షణ ఉంటుంది. 'ఫలానా ఆయన డబ్బు తీసుకుని వదిలేశాడు' అంటే అది జరిగిన విషయంగా చెప్పడం, రేపు కోర్టులో దాన్ని రుజువు చేసుకోవాల్సింది మీరే. ఎవరో ఫార్వర్డ్ చేశారు, నేనూ పెట్టాను అంటే జడ్జి వినరు. ఆ వాక్యం ఇవాళే డిలీట్ చేయండి, చేశానని గ్రూపులో ఒక లైన్ రాయండి కూడా.

మతాల మధ్య చిచ్చు పెట్టేలా రాస్తే 196, తెలిసీ తప్పుడు వార్తతో జనాన్ని రెచ్చగొడితే 353 సెక్షన్లు ఉన్నాయి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, 2024లో ఈ హైజాక్ మీద ఓటీటీలో సిరీస్ వచ్చినప్పుడు హైజాకర్లలో ఇద్దర్ని భోలా, శంకర్ అని పిలిచినట్టు చూపించారని, కావాలని హిందూ పేర్లు పెట్టారని పెద్ద గొడవ చేశారు. తీరా చూస్తే 2000 జనవరి 6న కేంద్ర హోం శాఖ ఇచ్చిన ప్రకటనలోనే ఉంది, విమానంలో వాళ్లు ఒకరినొకరు చీఫ్, డాక్టర్, బర్గర్, భోలా, శంకర్ అని పిలుచుకున్నారని. ఐదుగురి అసలు పేర్లు కూడా అదే ప్రకటనలో ఇచ్చారు. సర్కారు మాటను అనుమానించే ముందు అసలు సర్కారు ఏం చెప్పిందో ఒకసారి చదవాలి, ఈ పని మాత్రం ఎవరూ చేయరు!

ఇక మీ అసలు అనుమానం. అందులో పస ఉంది. విమానం అమృత్‌సర్‌లో దాదాపు యాభై నిమిషాలు ఉంది. సరిగ్గా అదే విమానాశ్రయంలో 1993 ఏప్రిల్‌లో, శ్రీనగర్ వెళ్లాల్సిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం హైజాకై దిగితే, ఎన్ఎస్‌జీ కమాండోలు లోపలికి దూసుకెళ్లి హైజాకర్ని మట్టుబెట్టి ప్రయాణికులందర్నీ క్షేమంగా బయటికి తెచ్చారు. ఆరేళ్ల తర్వాత అక్కడే ఎందుకు కాలేదు? కమాండోలు చేరేలోపే హైజాకర్లు అనుమానపడి, ఇంధనం నింపుకోకుండానే విమానాన్ని లేపించారన్నది అధికారులు చెప్పిన కథనం. అప్పట్లో మన విదేశీ గూఢచార సంస్థ 'రా' అధిపతిగా ఉన్న ఏ.ఎస్. దులత్ స్వయంగా తర్వాతి కాలంలో అమృత్‌సర్‌లో పొరపాటు చేశామని బహిరంగంగానే ఒప్పుకున్నారు. అంటే మీరు సందేహించే చోట సందేహించిన మొదటి మనిషి మీరు కాదు. అయితే ఆయన ఒప్పుకున్నది నిర్ణయం తీసుకోలేకపోయామని. అక్కడి నుంచి అమ్ముడుపోయారు అనే దాకా వెళ్లాలంటే మధ్యలో సాక్ష్యం కావాలి, అది మీ దగ్గర లేదు.

డబ్బు సంగతీ అంతే. హైజాకర్లు మొదట 36 మంది ఖైదీలతో పాటు 20 కోట్ల డాలర్లు అడిగిన మాట నిజం. కరెన్సీ నోట్ల ముద్రణ వ్యాపారంలో పేరున్న ఒక విదేశీ వ్యాపారి విమానంలో ఉన్న మాటా నిజం. చివరికి మసూద్ అజహర్, ఒమర్ షేక్, ముష్తాక్ జర్గర్ అనే ముగ్గుర్ని విడిచిపెట్టారు, డిసెంబరు 31న విదేశాంగ మంత్రి జస్వంత్ సింగ్ వాళ్లు వెళ్లిన విమానంలోనే కాందహార్ వెళ్లారు. ఇవన్నీ పక్కపక్కన పేర్చి 'అందుకే డబ్బిచ్చారు' అంటే వినడానికి బాగుంటుంది, కోర్టులో మొదటి క్రాస్ ఎగ్జామినేషన్‌కే కూలిపోతుంది.

కోర్టంటే గుర్తొచ్చింది, అసలు కేసే నడవలేదని చాలామంది అనుకుంటారు. నడిచింది. సీబీఐ దర్యాప్తు చేసింది, 2008 ఫిబ్రవరిలో పటియాలాలోని ప్రత్యేక కోర్టు వేరే ముగ్గురికి యావజ్జీవం వేసింది. 2014లో పంజాబ్, హర్యానా హైకోర్టు వాళ్లలో ఒకరి శిక్షను ఖాయం చేసి, మిగతా ఇద్దర్నీ హైజాక్ ఆరోపణ నుంచి తప్పించింది. విమానం ఎక్కిన ఐదుగురు మాత్రం ఆ బోనులో నిలబడలేదు. మీకు నిజంగా ఆసక్తి ఉంటే యూట్యూబ్ వీడియోలు మానేసి ఈ రెండు తీర్పులు తెప్పించుకోండి. క్రిమినల్ కేసులో తీర్పు నకలు, కేసుతో సంబంధం లేని మనిషికి కూడా, హైకోర్టు నిబంధనల ప్రకారం ఫీజు కట్టించుకుని ఇవ్వొచ్చని క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 404 సెక్షన్‌లోనూ ఉంది, దాని ముందున్న పాత సీఆర్‌పీసీ 363లోనూ ఉంది. పటియాలా దాకా మీరు వెళ్లక్కర్లేదు, అక్కడి ఒక లాయరుతో కాపీ అప్లికేషన్ వేయించండి.

దర్యాప్తు సంస్థ చెప్పిందల్లా కోర్టులు తలూపేస్తాయన్న అపోహ కూడా వద్దు. 2017 అక్టోబరులో ముంబై నుంచి ఢిల్లీ వెళ్తున్న జెట్ ఎయిర్‌వేస్ విమానం టాయిలెట్‌లో హైజాక్ బెదిరింపు చీటీ దొరికింది, విమానాన్ని అహ్మదాబాద్‌లో దించారు. ముంబైకి చెందిన ఒక వ్యాపారిని పట్టుకున్నారు. కొత్తగా వచ్చిన 2016 హైజాకింగ్ నిరోధక చట్టం కింద, ఉత్తుత్తి బెదిరింపు కూడా ఇందులో నేరమే, 2019లో ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు ఆయనకు యావజ్జీవం, 5 కోట్ల జరిమానా వేసింది. పేపర్లన్నీ దోషి అని రాశాయి. 2023లో గుజరాత్ హైకోర్టు ఆ చీటీ పెట్టింది ఈయనే అనడానికి నమ్మదగ్గ రుజువు లేదని నిర్దోషిగా వదిలేసింది. అధికారిక కథనాన్ని పడగొట్టిన పద్ధతి అదీ. అరుపుల్లేవు, కుట్ర సిద్ధాంతాల్లేవు. ఏ సాక్షి ఏం చూశాడు, ఏ వస్తువు ఎవరి చేతి నుంచి వచ్చింది, అంతే.

మీ బావమరిది చెప్పింది సగమే నిజం. సమాచార హక్కు చట్టం 8(3) ప్రకారం ఇరవై ఏళ్లు దాటిన ఘటనల సమాచారం ఇవ్వాలి, నిజమే. కానీ అదే ఉపసెక్షన్‌లో మూడు మినహాయింపులకు కాలదోషం లేదు: దేశ భద్రత, విదేశీ సంబంధాలకు సంబంధించిన (ఎ), చట్టసభల హక్కులకు సంబంధించిన (సి), మంత్రివర్గ పత్రాలకు సంబంధించిన (ఐ). హైజాక్ ఫైలు అనగానే (ఎ) చూపించి తిప్పి పంపేస్తారు. పైగా ఐబీ, రా, ఎన్ఎస్‌జీ ఈ చట్టం రెండో షెడ్యూల్లో ఉన్నాయి, 2011లో సీబీఐని కూడా చేర్చారు. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలైతే తప్ప వాటిని అడిగి లాభం లేదు.

అందుకని వాళ్లను అడక్కండి. ఆ సాయంత్రం ఢిల్లీలో కూర్చున్న సంక్షోభ నిర్వహణ బృందానికి అధ్యక్షుడు కేబినెట్ సెక్రటరీ. దరఖాస్తు కేబినెట్ సెక్రటేరియట్‌కు పెట్టండి, రికార్డు వేరే శాఖలో ఉంటే 6(3) కింద వాళ్లే ఐదు రోజుల్లో అక్కడికి పంపాలి. 'ఎందుకు ఆపలేదు' అని మాత్రం రాయకండి, ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు తయారు చేసి ఇవ్వాల్సిన బాధ్యత అధికారికి లేదు, ఉన్న రికార్డు ఇవ్వడమే ఆయన పని. ఇలా రాయండి: '1999 డిసెంబరు 24న ఐసీ 814 విమానం అమృత్‌సర్‌లో ఉన్న సమయంలో సంక్షోభ నిర్వహణ బృందం జరిపిన చర్చల మినిట్స్, అమృత్‌సర్ విమానాశ్రయానికి పంపిన ఆదేశాల ప్రతులు ఇవ్వగలరు. మొత్తం ఇవ్వడం కుదరకపోతే సెక్షన్ 10 కింద ఇవ్వదగ్గ భాగం ఇవ్వగలరు. రికార్డు లేకపోతే లేదని, ధ్వంసం చేసి ఉంటే ఆ ఉత్తర్వు నకలు ఇవ్వగలరు.' చివరి వాక్యం ముఖ్యం. లేదు అన్న జవాబు కూడా ఒక రికార్డే, దాని మీద తర్వాత చాలా అడగొచ్చు. అలాగే 8(2) ప్రస్తావించండి, రహస్యం కన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చని అందులో ఉంది.

మళ్లీ దర్యాప్తు కోసం పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేస్తానంటే మీ డబ్బు, మీ ఇష్టం. గాంధీజీ హత్య కేసును తిరగతోడాలన్న పిటిషన్‌ను 2018లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కొత్త ఆధారం చేతిలో లేకుండా పాత అనుమానాలతో వెళ్తే ఏ కోర్టయినా అదే చేస్తుంది. విచారణ కమిషన్ అడగొచ్చు కదా అంటారేమో. నేతాజీ సంగతి చూడండి: కలకత్తా హైకోర్టు చెప్పిన మీదట ముఖర్జీ కమిషన్ వేశారు, ఏళ్ల తరబడి తిరిగి ఆయన విమాన ప్రమాదంలో చనిపోలేదని తేల్చింది, 2006లో కేంద్రం ఆ నివేదికను ఒప్పుకోలేదు పొమ్మంది. కమిషన్ రిపోర్టు ప్రభుత్వం మీద కట్టుబాటు కాదు. ఆ తర్వాత పదేళ్లకు, 2016లో, నేతాజీ ఫైళ్లను కేంద్రం తనంతట తానే బయటపెట్టింది.

కాబట్టి ఆర్టీఐ నుంచే మొదలుపెట్టండి. ఫీజు 10 రూపాయలు, ఆన్‌లైన్‌లో కూడా కట్టొచ్చు, 500 పదాలు దాటనివ్వకండి. పోస్టులో పంపేటట్టయితే తెలుగులో రాసే హక్కు మీకుంది గానీ ఢిల్లీ ఆఫీసుకు ఇంగ్లిష్‌లో పంపితేనే పని త్వరగా అవుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, తిరస్కరించినా, మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులో మొదటి అప్పీలు వేయాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు. అక్కడ మీ వంతు రావడానికి చాలా నెలలు పట్టొచ్చు, ఈలోగా తిరస్కరణ లేఖ, కవర్‌తో సహా, పారేయకుండా దాచండి. ఏ తేదీన అందిందో కవర్ మీద పోస్టల్ ముద్రే చెబుతుంది, గడువు లెక్కేసేది దాన్ని బట్టే.